తప్పుతుందని తెలిసే వేసే లెక్క



పల్నాడులో పిడుగురాళ్ల, మాచర్ల వైపు గానీ, కృష్ణకి అవతలి ఒడ్డున హుజూర్‌నగర్, మట్టపల్లి వైపు గానీ, కడప జిల్లాలో ఎర్రగుంట్ల వైపు గానీ రాత్రిపూట ప్రయాణం చేసినవాళ్లకి చాలా దూరం నుంచే ఒక ఎత్తైన కట్టడం కనిపిస్తుంది. అంతస్తు అంతస్తుకీ దీపాలుంటాయి. అది సిమెంటు ఫ్యాక్టరీ ప్రీహీటర్ టవర్. దాని పాదాల దగ్గర, నేలకి కాస్త వాలుగా, అరవై డెబ్భై మీటర్ల పొడవున ఒక ఇనుప గొట్టం పడుకుని తిరుగుతూ ఉంటుంది. దాన్ని కిల్న్ అంటారు. ఆ గొట్టంలో మరో గంటకి ఏం జరగబోతోందో ఇప్పుడే లెక్కగట్టి, ఆ లెక్కని బట్టి ఇప్పుడే బొగ్గునీ గాలినీ సర్దే పద్ధతి ఒకటుంది. ఇంజనీర్లు దాన్ని ప్రిడిక్టివ్ కంట్రోల్ అంటారు. చమురు శుద్ధి కర్మాగారాల్లో, ఎరువుల ఫ్యాక్టరీల్లో, కాగితం మిల్లుల్లో కూడా ఇది నడుస్తోంది. నేను కిల్న్‌నే ఎందుకు పట్టుకున్నానంటే, తెలియని సంగతులు ఇంత దట్టంగా పేరుకున్న యంత్రం అరుదు. పైగా అది మన పొలాల పక్కనే ఉంది, మన పిల్లలు అందులో షిఫ్టులు చేస్తున్నారు.

ముందు లోపల ఏం జరుగుతుందో చెబుతాను. సున్నపురాయిలో కాస్త మట్టి, కాస్త ఇనుప ఖనిజం కలిపి మెత్తటి పిండిగా నూరి టవర్ పైనుంచి వదులుతారు. వేడి గాలి కింద నుంచి పైకి వస్తుంది, పిండి పైనుంచి కిందికి దిగుతుంది. దిగేసరికి 900 డిగ్రీల దగ్గరికి చేరి, రాయిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్ చాలావరకు వదిలిపోతుంది. మిగిలిన సున్నం కిల్న్‌లో పడి, నిమిషానికి మూడు నాలుగు చుట్లు తిరిగే ఆ గొట్టంలో దొర్లుకుంటూ, కింది కొసన ఉన్న మంట దగ్గరికి నడుస్తుంది. ఈ నడకకి సుమారు అరగంట. మంట దగ్గర పదార్థం వేడి 1450 డిగ్రీలు ఉంటుంది. అందులో దాదాపు నాలుగో వంతు కరిగి మిగతాదాన్ని అంటించుకుంటుంది, సున్నం మట్టిలోని సిలికాతో కలుస్తుంది, నల్లటి ఉండలు తయారవుతాయి. అదే క్లింకర్. దాన్ని జిప్సంతో కలిపి నూరితే మన బస్తాల్లోకి వచ్చే సిమెంటు.

క్లింకర్ సరిగ్గా కాలిందో లేదో చెప్పే అంకె ఒకటుంది, దాని పేరు ఫ్రీ లైమ్. దేనితోనూ కలవకుండా మిగిలిపోయిన సున్నం ఎంత శాతమో అది చెబుతుంది. అది ఎక్కువైతే, ఆ సిమెంటుతో కట్టిన గోడలో ఆ సున్నం ఆలస్యంగా నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది. గోడ గట్టిపడిన తరవాత ఉబ్బితే పగుళ్లు తప్పవు. మరీ తక్కువైతే ఇల్లు కట్టుకున్నవాడికి నష్టమేమీ లేదు, కానీ ఫ్యాక్టరీ అవసరానికి మించి బొగ్గు తగలేసిందన్నమాట. ఎక్కువ కాలిన క్లింకర్ రాయిలా బిగిసి మిల్లులో కరెంటు తింటుంది. కిల్న్ లోపలి ఇటుకల ఆయుష్షూ తగ్గుతుంది. అందుకని మామూలుగా ఒక శాతం, ఒకటిన్నర శాతం మధ్య నిలపాలని చూస్తారు.

నిలపాలంటే ముందు అది తెలియాలి కదా. క్లింకర్‌ని చల్లార్చే కూలర్ నుంచి శాంపిల్ తీసి, నూరి, ల్యాబ్‌లో పరీక్ష చేసి, గంటకో రెండు గంటలకో ఒకసారి కంట్రోల్ రూముకి అంకె పంపుతారు. ఆ అంకె వచ్చేసరికి అది చెప్పే పదార్థం కిల్న్ దాటిపోయి చాలాసేపు అయి ఉంటుంది. పోనీ మంట దగ్గర వేడి కొలుద్దామంటే పైరోమీటర్‌కీ మంటకీ మధ్య దుమ్ము అడ్డం. ఇక లోపలికి వెళ్లే సరుకు నిలకడ సంగతి చెప్పనక్కర్లేదు. క్వారీలో తవ్వే మెట్టు, దాన్ని బెంచి అంటారు, మారితే రాయిలో సున్నం మారుతుంది. బొగ్గు ఒకరోజు సింగరేణిది, ఒకరోజు ఓడలో వచ్చింది, ఒకరోజు చమురు శుద్ధిలో మిగిలే పెట్‌కోక్. తేమ వేరు, బూడిద వేరు. ఆ బూడిద ఎక్కడికీ పోదు, క్లింకర్‌లోనే కలిసిపోతుంది. అంటే బొగ్గు మారితే వేడితో పాటు లోపలి రసాయనం కూడా మారుతుంది. గొట్టం లోపలి గోడకి పట్టుకున్న పెచ్చు, దాన్ని కోటింగ్ అంటారు, ఉన్నట్టుండి ఊడి పడుతుంది. ఒక్కసారిగా టన్నుల కొద్దీ సరుకు మంట మీదికి వస్తుంది.

మరి ఇన్నేళ్లూ నడిపినవాళ్లు ఎలా నడిపారు? బర్నర్ అని ఒక మనిషి ఉండేవాడు. అతని చేతిలో నీలం రంగు కోబాల్టు గాజు. కిల్న్ కింది కొసని మూసే హుడ్‌కి ఉన్న చిన్న కిటికీ దగ్గర నిలబడి ఆ గాజులోంచి మంటనీ, గోడ మీదికి ఎక్కే సరుకునీ చూసేవాడు. సరుకు బాగా వేడెక్కితే జిగటగా మారి గోడతో పాటు పైదాకా ఎక్కి అప్పుడు జారుతుంది. చల్లబడితే పొడిపొడిగా కిందే దొర్లుతుంది. అతను దాన్ని చూసి బొగ్గు పెంచాలో తగ్గించాలో చెప్పేవాడు. ఇదే సంగతి కిల్న్ తిప్పే మోటారు కూడా చెబుతుంది. జిగట సరుకు పైకి ఎక్కితే మోటారు మీద భారం పెరిగి ఆంప్స్ పెరుగుతాయి. అందుకే ఇవాళ్టికీ ఏ కంట్రోల్ రూములోనైనా కిల్న్ ఆంప్స్ గీత మీద నుంచి ఆపరేటర్ చూపు కదలదు. పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు ఎంతున్నాయో కూడా చూస్తాడు. మంట ఎంత మండితే అవి అంత ఎక్కువ. వీటిలో ఏదీ ఫ్రీ లైమ్ కాదు. అన్నీ ఆనవాళ్లే. ఒక్కో ఆనవాలూ ఒక్కోసారి అబద్ధం చెబుతుంది కూడా. కోటింగ్ ఊడినా ఆంప్స్ మారతాయి, అది వేడి మార్పు కాదు. ఈ తేడా పట్టగలగడమే మంచి బర్నర్ పనితనం. ఆ పనితనం మీద నాకు చాలా గౌరవం ఉంది, ఈ ప్రసంగం అంతా ఒకరకంగా ఆ పనితనాన్ని లెక్కల్లోకి ఎలా తెచ్చారన్న కథే.

యంత్రాలకి నియంత్రణ అప్పగించడం కొత్తేం కాదు. ఓడ చుక్కానిని దానంతటదే తిప్పే సూత్రాన్ని నికొలస్ మినార్‌స్కీ 1922లోనే రాశాడు. తప్పు ఎంత ఉంది, ఎంతసేపటి నుంచి ఉంది, ఎంత వేగంగా మారుతోంది, ఈ మూడింటినీ కలిపి దిద్దుబాటు చెయ్యమంటుంది ఆ సూత్రం. పీఐడీ అని ఇంజనీరింగ్ పిల్లలందరికీ తెలిసిన పేరు. 1942లో జీగ్లర్, నికల్స్ దాని అంకెలు ఎలా సర్దాలో చెప్పాక ఫ్యాక్టరీలన్నీ దాంతో నిండిపోయాయి. ఇవాళ్టికీ ఎక్కువ పని చేసేది అదే. కానీ దానికి తప్పు కనబడితే తప్ప కదలడం తెలియదు. ఆలస్యం ఎక్కువ ఉన్న చోట ఇది ప్రమాదం. నాగార్జున సాగర్ కాలువ చివరి ఆయకట్టు రైతు సంగతి తీసుకోండి. నీళ్లు అందడం లేదని కబురు పెడితే ఎగువన గేటు ఎత్తుతారు. ఆ నీళ్లు చివరిదాకా చేరడానికి రోజులు పడుతుంది. ఈలోపు ఇంకా అందలేదని ఇంకోసారి ఎత్తుతారు. రెండూ కలిసి వచ్చేనాటికి వాన కూడా పడితే చేలు మునుగుతాయి. ఎగువన ఉన్న మనిషికి, ఇప్పటికే వదిలి ఇంకా దారిలో ఉన్న నీళ్లెన్నో లెక్క తెలిసి ఉంటే రెండోసారి ఎత్తేవాడు కాదు. 1957లో ఒట్టో స్మిత్ అనే ఆచార్యుడు సరిగ్గా ఈ దారిలో ఉన్నదాని లెక్కనే కంట్రోలర్‌లో పెట్టాడు.

దాన్ని పూర్తి పద్ధతిగా పెంచినవాళ్లు విశ్వవిద్యాలయాల వాళ్లు కాదు, పరిశ్రమలో పనిచేసేవాళ్లు. అమెరికాలో షెల్ చమురు కంపెనీలో చార్లెస్ కట్లర్, బ్రయన్ రామేకర్ 1970ల మొదట్లో ఒక పద్ధతి తయారు చేసి 1973లో వాడడం మొదలుపెట్టారు. బయటి ప్రపంచానికి చెప్పింది 1979లో. ఫ్రాన్సులో జాక్ రిషలే బృందం దాదాపు అదే ఆలోచనని వేరే దారిలో పట్టుకుని 1978లో అచ్చు వేసింది. ఈ రెండు చోట్లా సిద్ధాంతం కన్నా ముందు పని జరిగింది. ఇది ఎందుకు పనిచేస్తోందో రుజువు చెయ్యడానికి గణితవేత్తలకి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది.

పద్ధతి చెప్పడానికి సులువు. ముందు యంత్రాన్ని కదిపి చూస్తారు. బొగ్గుని ఒక కొంచెం పెంచి అలాగే ఉంచి, ఆంప్స్, పొగ, వేడి నిమిషం నిమిషానికీ ఎలా మారాయో రాసుకుంటారు. తరవాత కిల్న్ వేగం, ఆ తరవాత ఫ్యాన్. ఇలా ఏది కదిపితే ఏది ఎంత, ఎప్పుడు కదులుతుందో ఒక అంకెల పట్టిక తయారవుతుంది. అదే నమూనా. ఇక నడిపేటప్పుడు, ఒక నిమిషం అనుకుందాం, ఆ నిమిషంలో కంప్యూటర్ ఈ పట్టికతో రాబోయే గంట, రెండు గంటల కథ అల్లుతుంది. ఇప్పటికే చేసిన మార్పుల ఫలితం ఇంకా ఎంత రావలసి ఉంది? ఇకమీదట ఏమేం మార్పులు చేస్తే ఫ్రీ లైమ్ గీత మీద నిలుస్తుంది, బొగ్గు తక్కువ పడుతుంది, ఏ హద్దూ దాటకుండా ఉంటుంది? రాబోయే పది పదిహేను కదలికల వరస మొత్తం నిర్ణయిస్తుంది. నిర్ణయించి, అందులో మొదటిది ఒక్కటే అమలు చేసి, మిగతావన్నీ పారేస్తుంది. మళ్లీ నిమిషానికి కొత్త కొలతలు చూసి కథంతా మొదటి నుంచీ అల్లుతుంది.

ఇది మొదటిసారి విన్న విద్యార్థులు ఇంత కష్టపడి వేసిన ప్రణాళికని ఎందుకు పారెయ్యాలని అడుగుతారు. అది తప్పుతుందని వేసినవాడికే తెలుసు కాబట్టి. ప్రణాళిక చివరిదాకా జరుగుతుందని ఎవరూ అనుకోరు. ఇప్పుడు వెయ్యబోయే అడుగు మున్ముందు ఇరుకున పెడుతుందో లేదో చూసుకోవడానికే అంత దూరం ఆలోచించడం. నా దృష్టిలో ఈ పద్ధతి గొప్పతనం జోస్యం నిజం కావడంలో లేదు, జోస్యం తప్పినా పని చెడకుండా ఉండేలా కట్టడంలో ఉంది. కట్లర్ పద్ధతిలో ఇంకో చిన్న సంగతి ఉంది, చాలామంది దాన్ని దాటేసి పోతారు. ఈ నిమిషానికి నమూనా చెప్పిన అంకెకీ కొలతలో వచ్చిన అంకెకీ తేడా ఎంతుందో చూసి, ఆ తేడాని రాబోయే గంట మొత్తానికీ కలుపుతారు. నమూనా ఎందుకు తప్పిందో తెలియదు, ఎంత తప్పిందో మాత్రం తెలుసు, ఈ గంటంతా అంతే తప్పుతుందనుకుందాం అని. ఇంత మోటు దిద్దుబాటు కర్మాగారాల్లో దశాబ్దాలు నిలబడింది. 1999 చివరికి ప్రపంచంలో ఈ రకం కంట్రోలర్లు 4,500కి పైగా నడుస్తున్నాయని చిన్, బ్యాడ్జ్‌వెల్ అనే ఇద్దరు లెక్క తీశారు. అందులో పెద్ద వాటా చమురు శుద్ధిది.

చమురువాళ్లు ముందు ఎందుకు పరిగెత్తారంటే, లాభం ఎప్పుడూ హద్దు పక్కనే ఉంటుంది. హద్దుకి ఎంత దగ్గరగా నడిపితే అంత మిగులు. కానీ ఎంత దగ్గరికి వెళ్లొచ్చన్నది మనకి ఎంత తెలియదన్నదాని మీద ఆధారపడుతుంది. దీన్ని ముందుగా డబ్బుల్లో చూపించినవాళ్లలో స్వీడన్ వాడు కార్ల్ ఆస్త్రోమ్ ఒకడు. 1960లలో బిల్లెరుద్ అనే కంపెనీ కాగితం మిల్లు మీద పనిచేశాడు. కాగితంలో తేమ ఒక మోతాదు దాటకూడదు. తేమ ఊగిసలాడుతుంటే మిల్లువాళ్లు భయపడి సగటుని బాగా కింద పెట్టుకునేవాళ్లు, అంటే అనవసరంగా ఎక్కువ ఆరబెట్టేవాళ్లు. ఊగిసలాట తగ్గిస్తే సగటుని పైకి జరపొచ్చు. ఆవిరి ఆదా. మన కిల్న్‌లోనూ అదే. ఫ్రీ లైమ్ 2 శాతం దాటకూడదని ఒక ఫ్యాక్టరీ పెట్టుకుందనుకుందాం. అది ఒక శాతం అటూ ఇటూ ఊగితే గురి 1 దగ్గర పెట్టుకోక తప్పదు. ఊగిసలాటని అర శాతానికి దించితే గురి 1.5కి జరుగుతుంది. ఆ అర శాతం జరగడంలో మిగిలేది బొగ్గు, మిల్లు కరెంటు, ఇటుకల ఆయుష్షు. సున్నపురాయి విడిపోవడం వల్లే టన్ను క్లింకర్‌కి అర టన్నుకి పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, దాన్ని ఏ కంట్రోలరూ ఆపలేదు. కానీ దాని మీద పడే బొగ్గు పొగలో, తెలియనితనానికి భయపడి కాల్చిన బొగ్గు వాటా కూడా ఉంది. చైనా తరవాత ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ సిమెంటు చేసే దేశం మనది, అందుకని ఆ వాటా చిన్నదనుకోవడానికి లేదు.

ఇక అసలు చిక్కు. ఆ తెలియనితనాన్ని లెక్కలోకి ఎలా తీసుకోవాలి? 1960లో రుడాల్ఫ్ కాల్మన్ ఇచ్చిన సిద్ధాంతం అందంగా ఉండేది. కొలతల్లో గోల ఎంతుందో చెప్పు, అత్యుత్తమ కంట్రోలర్ ఇస్తాను అనేది ఆ దారి. గోల సంగతి సరే, నమూనాయే తప్పైతే? 1978లో జాన్ డాయల్ అనే కుర్రవాడు ఆ రకం కంట్రోలర్లకి భద్రతా హామీలు ఏమున్నాయో పరిశీలిస్తూ ఒక చిన్న వ్యాసం రాశాడు. దాని సారాంశం మూడే మాటలు. అలాంటివి ఏమీ లేవని. నమూనాలో వీసమెత్తు తేడా ఉన్నా కంట్రోలర్ అదుపు తప్పే ఉదాహరణ ఒకటి కట్టి చూపించాడు. అత్యుత్తమమైనది అంటే నమ్మదగినది అని అర్థం కాదని ఆ రంగానికి అప్పుడు గట్టిగా తెలిసొచ్చింది.

మొదటి జవాబు, అన్నిటికన్నా చెడ్డ పరిస్థితికి సిద్ధపడడం. 1987లో కాంపో, మొరారి ఈ దారిలో ప్రిడిక్టివ్ కంట్రోల్‌ని నడిపించారు. బూడిద ఎక్కువైనా, రాయిలో సున్నం పెరిగినా, కోటింగ్ ఊడినా, అన్నీ ఒకేసారి జరిగినా హద్దు దాటని కదలికల వరస వెతకాలి. వినడానికి బాగుంది, చేస్తే కిల్న్ పిరికిగా నడుస్తుంది. గంట ముందుకి పోయేసరికి అన్ని చెడులూ కూడి, ఏ వరసా పనికిరాదని తేలడం కూడా జరుగుతుంది. ఇక్కడ ఒక లోతైన పొరపాటు దాగి ఉంది. ఇంకో అరగంటకి మనకి కొత్త కొలతలు వస్తాయి, అప్పుడు మనం దిద్దుకుంటాం. ఈ సంగతి ఆ లెక్కలో లేదు! గంటసేపు కళ్లు మూసుకుని నడపాలన్నట్టుగా ఆ పద్ధతి ప్రణాళిక వేసింది, అందుకే అంత భయం.

దీన్ని సరిచేసిన ఆలోచన నాకు చాలా ఇష్టం, కాస్త నిదానంగా చెబుతాను. కొత్త బొగ్గు లారీలు వచ్చాయి. బూడిద ఎంతో తెలియదు. తక్కువ ఉండొచ్చు, ఎక్కువ ఉండొచ్చు. కంప్యూటర్ రెండు కథలు అల్లుతుంది. ఒక కథలో బూడిద తక్కువ, ఇంకో కథలో ఎక్కువ. అరగంట తరవాత ఆంప్స్, పొగ చూసి ఏ కథ నిజమో తెలుస్తుంది, అప్పుడు ఏ కథకి ఆ మందు వేసుకోవచ్చు. కానీ ఇప్పుడు వేసే మొదటి అడుగు మాత్రం రెండు కథల్లోనూ ఒకటే అయి ఉండాలి. ఎందుకంటే ఇప్పుడు ఏ కథలో ఉన్నామో మనకి తెలియదు కదా. ఈ ఒక్క నిబంధనతో భయం చాలావరకు తగ్గిపోతుంది. రెండు కథలకీ చివరిదాకా సరిపోయే ఒకే వరస కోసం వెతకనక్కర్లేదు, రెండింటినీ చేయి దాటిపోనివ్వని మొదటి అడుగు ఉంటే చాలు. జర్మనీలో డార్ట్‌మండ్ విశ్వవిద్యాలయంలో సెబాస్టియన్ ఎంగెల్, సెర్గియో లూసియా మరికొందరు 2013లో పాలిమర్ తయారుచేసే రియాక్టర్ మీద ఇలా కొమ్మలుగా చీలే కథల చెట్టుని నడిపి చూపించారు. చిక్కేమిటంటే కొమ్మలు త్వరగా పెరుగుతాయి. తెలియనివి నాలుగైదు ఉండి, అడుగు అడుగుకీ చీలితే ఏ కంప్యూటరూ మొయ్యలేదు. అందుకని మొదటి ఒకటి రెండు అడుగుల దగ్గరే చీల్చి తరవాత కొమ్మల్ని తిన్నగా పోనిస్తారు. అది చాలని అనుభవం చెబుతోంది.

డేవిడ్ మేన్ బృందం 2004, 2005లలో ఇచ్చిన దారి వేరు. ఆ పద్ధతి ప్రక్రియ రాబోయే నడకని గీతలా కాకుండా ఒక సొరంగంలా ఊహిస్తుంది. మధ్యలో గీత, చుట్టూ తెలియనితనం మందం. ఒక చిన్న కంట్రోలర్ ఎప్పుడూ అసలు ప్రక్రియని ఆ గీత వైపు లాగుతూ సొరంగం లోపలే ఉంచుతుంది, పెద్ద లెక్క ఆ సొరంగం గోడ హద్దుని తాకకుండా గీతని నడుపుతుంది. చక్కటి రుజువులు ఉన్న దారి ఇది.

ఇంకో ప్రశ్న మిగిలింది. ఏ హద్దుకి ఎంత పట్టుదల? ఫ్రీ లైమ్ నూటికి తొంభై అయిదు సార్లు హద్దు లోపల ఉంటే చాలని ఒప్పుకోవచ్చు. ఒక శాంపిల్ దాటినా సైలోలో మిగతా క్లింకర్‌తో కలిసి సర్దుకుంటుంది. 1959లోనే చార్న్స్, కూపర్ ఇలాంటి సంభావ్యతతో కూడిన హద్దుల గణితం రాశారు. కానీ పొగలో కార్బన్ మోనాక్సైడ్ హద్దు అలాంటిది కాదు. దుమ్ము పట్టడానికి హై వోల్టేజి ఈఎస్పీ ఉన్న ఫ్యాక్టరీలో, ఆ వాయువు మోతాదు మించి అక్కడ నిప్పురవ్వ లేస్తే పేలుతుంది. అక్కడ తొంభై అయిదు అన్న మాటకి తావులేదు. ఏది నూటికి నూరు, ఏది తొంభై అయిదు అన్నది గణితం చెప్పదు. ఆ ఫ్యాక్టరీలో పనిచేసే మనుషులు కూర్చుని, పేరుపేరునా ఒప్పుకుని రాసుకోవాలి. ఆ కాగితం లేకుండా సాఫ్ట్‌వేర్ పెట్టడం తప్పు అని నేను గట్టిగా నమ్ముతాను.

కంట్రోలర్ తయారయ్యాక దాన్ని ఎలా పరీక్షించాలన్నదానికి అందరూ చెప్పుకోవలసిన ఫలితం ఒకటుంది. తెలియని సంగతులు పదో యాభయ్యో ఉండనివ్వండి. వాటిని యాదృచ్ఛికంగా తీసి కంప్యూటర్‌లో కిల్న్‌ని నడిపి చూడండి. అలా 459 సార్లు నడిపితే ఒక్కసారి కూడా హద్దు దాటకపోతే, ఈ కంట్రోలర్ తప్పే అవకాశం నూటికి ఒకటి కన్నా తక్కువ అని 99 శాతం నమ్మకంతో చెప్పొచ్చు. 459 ఎక్కడిది? నూటికి ఒకటి తప్పే కంట్రోలర్ వరసగా 459 సార్లు అదృష్టం కొద్దీ గట్టెక్కే అవకాశం నూటికి ఒకటి కన్నా తక్కువకి పడిపోతుంది. అంతే. తెలియనివి రెండున్నా రెండు వందలున్నా ఆ అంకె మారదు. 1996లో ఇటలీకి చెందిన రాబర్టో టెంపో, ఆయన సహచరులు ఈ లెక్కని కంట్రోల్ రంగానికి తెచ్చారు. అయితే ఇందులో ఒక షరతుంది. కంట్రోలర్‌ని ముందే ఖాయం చేసుకుని పరీక్షించాలి. వెయ్యి కంట్రోలర్లని పరీక్షించి గెలిచినదాన్ని ఏరుకుంటే ఆ గెలుపులో అదృష్టం పాలు ఎక్కువైపోతుంది, అప్పుడు ఇంకా చాలా ప్రయోగాలు కావాలి. ఎన్ని కావాలో చెప్పే దారిలో ముందు నడిచినవాడు మన గుంటూరులో పుట్టిన మాతుకుమల్లి విద్యాసాగర్. యంత్రాలు ఉదాహరణల నుంచి నేర్చుకోవడానికి సంబంధించిన గణితాన్ని ఆయన కంట్రోల్ సమస్యలకి ముడివేసి 1997లో పుస్తకం వేశారు. హైదరాబాదులో టీసీఎస్‌లో పరిశోధన విభాగం నడిపారు, తరవాత ఐఐటీ హైదరాబాదులో చేరారు. మన పత్రికల్లో ఆయన పేరు కోవిడ్ అంచనాల కమిటీ అధ్యక్షుడిగా వచ్చింది గానీ, అంతకు ఎన్నో ఏళ్ల ముందే అనిశ్చితి లెక్కల్లో ఆయన పేరు లోకమంతా తెలిసినది.

ఉదాహరణల నుంచి నేర్చుకోవడం అన్నాను కాబట్టి, ఈ రోజుల్లో ఎక్కువగా వినే ఒక మాట గురించి హెచ్చరించాలి. ఫ్యాక్టరీలో పదేళ్ల రికార్డు ఉంది కదా, దాన్ని కంప్యూటర్‌కి పోస్తే నమూనా అదే తయారవుతుంది, కిల్న్‌ని కదిపి చూసే శ్రమ ఎందుకు అని అంటున్నారు. ఆ రికార్డు తెరిచి చూస్తే ఏముంటుంది? బొగ్గు పెంచిన ప్రతిసారీ ఆ దగ్గర్లో కిల్న్ చల్లగా ఉన్నట్టు ఉంటుంది. ఎందుకంటే చల్లబడినప్పుడే ఆపరేటర్ బొగ్గు పెంచాడు. విచక్షణ లేకుండా ఆ అంకెల్ని మింగిన నమూనా, బొగ్గు పెంచితే కిల్న్ చల్లబడుతుందని నేర్చుకుంటుంది. దాని చేతికి కిల్న్ అప్పగిస్తే ఏమవుతుందో ఊహించుకోండి. రికార్డులో యంత్రం స్వభావమూ ఆపరేటర్ తెలివీ కలగలిసిపోయి ఉంటాయి. ఆ రెండింటినీ విడదియ్యాలంటే ఎవరో ఒకరు, ఆపరేటర్ పక్కనే కూర్చుని, అతని ఒప్పుదలతో, కారణం లేకుండా బొగ్గుని కాస్త కదిపి చూడాల్సిందే. దీనికి దగ్గరదారి లేదు.

ఆపరేటర్ ఒప్పుదల అన్నది మర్యాద కోసం అన్న మాట కాదు. ఎంతో ఖర్చు పెట్టి అమర్చిన కంట్రోలర్లు రెండు మూడేళ్లకి మాన్యువల్‌లో పడి ఉండడం ఈ రంగంలో అందరికీ తెలిసిన బాధ. కిల్న్ ఇటుకలు మారాయి, ఇంధనం మారింది, నమూనా పాతబడింది. దాన్ని పట్టించుకునే ఇంజనీరు ఉద్యోగం మారిపోయాడు. రాత్రి రెండు గంటలకి కంట్రోలర్ ఎందుకో బొగ్గు తగ్గిస్తోంది, ఆపరేటర్‌కి కారణం తెలియదు, కిల్న్ చల్లబడితే అడిగేది తననే. ఆఫ్ చేస్తాడు. నేనున్నా అదే చేస్తాను. కాబట్టి స్క్రీన్ మీద ఒక గీత గీసి ఇదే భవిష్యత్తు అని చూపించడం మానాలి. రాబోయే గంటకి ఫ్రీ లైమ్ ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉండొచ్చో పట్టీగా చూపించాలి. ఏ హద్దుకి భయపడి ఈ అడుగు వేస్తోందో ఒక్క తెలుగు ముక్కలో రాయాలి. బొగ్గు బూడిద ఎక్కువని అనుమానిస్తున్నాను అని యంత్రం చెబితే, ఆ సాయంత్రం ఏ యార్డు నుంచి బొగ్గు తోలారో తెలిసిన మనిషి అవునో కాదో చెప్పగలడు. ఆ ఒక్క మాట ఎన్నో కొలతల పెట్టు.

మున్ముందు ఈ అవసరం పెరిగేదే గానీ తగ్గేది కాదు. సిమెంటు కిల్న్‌లలో పట్టణాల చెత్త నుంచి ఏరిన ప్లాస్టిక్, వ్యవసాయ వ్యర్థాలు కాల్చడం ఎక్కువవుతోంది. అది మంచి పనే. కానీ చెత్తలో తేమ, వేడి, క్లోరిన్ ఏ బస్తాకి ఆ బస్తాయే. బొగ్గు కన్నా అది ఎన్నో రెట్లు అస్థిరం. ఆ ఇంధనాన్ని ఎంతవరకు నమ్మి కాల్చగలమన్నది, కంట్రోలర్ దాని అస్థిరతని ఎంతవరకు లెక్కలోకి తీసుకోగలదన్నదాని మీదే ఆధారపడి ఉంది.

పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కాలేజీల అధ్యాపకులు ఈ ప్రసంగం వింటుంటే ఒక మాట. కిల్న్ కాలేజీకి రాదు, కానీ నాలుగు నీళ్ల ట్యాంకులు వస్తాయి. స్వీడన్‌లో లుండ్ విశ్వవిద్యాలయంలో ఉన్నప్పుడు కార్ల్ హెన్రిక్ యొహాన్సన్ అమర్చి 2000 సంవత్సరంలో ప్రచురించిన ప్రయోగం అది. పైన రెండు ట్యాంకులు, కింద రెండు, రెండు పంపులు. ఒక్కో పంపు నీళ్లు చీలి, కింద ఒక ట్యాంకులోకీ, దానికి అడ్డంగా పైన ఉన్న ఇంకో ట్యాంకులోకీ పోతాయి. కింది రెండు మట్టాలూ నిలపాలి, అంతే పని. చీలిక దగ్గర వాల్వు ఒక వైపు తిప్పితే చిన్నపిల్లవాడు కూడా నిలుపుతాడు. ఇంకో వైపు తిప్పితే చెయ్యి తిరిగినవాళ్లకీ చెమటలు పడతాయి. ఒక విద్యార్థి ఆ వాల్వుని గుట్టుగా కాస్త తిప్పి పక్కకి తప్పుకోవాలి. రెండో విద్యార్థి రాసిన కంట్రోలర్ మట్టాలు చూసి ఆ సంగతి కనిపెట్టాలి, కనిపెట్టేలోపు ట్యాంకు పొంగకుండా కాపాడాలి. పంపులు, గొట్టాలు, నాలుగు లెవెల్ సెన్సర్లు, ఒక చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు, అన్నీ మన బజార్లలో దొరికేవే. ఈ విద్యా సంవత్సరంలోనే మొదలుపెట్టొచ్చు.